మిగిల్చిన డబ్బు అసలుకి చేరిందా?

హోమ్ లోన్ గడువుకంటే ముందే తీర్చేయాలని నడుం బిగించిన ఇంట్లో మొదట జరిగేది ఖర్చులు తగ్గించుకోవడం. రెండేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని బతుకుతారు. ఒకరోజు లోన్ స్టేట్‌మెంట్ తెరిస్తే, మొదట్లో బ్యాంకు ఇచ్చిన పట్టిక ప్రకారం ఇప్పటికి ఎంత అప్పు ఉండాలో సరిగ్గా అంతే కనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకున్నది నిజమే, డబ్బు మిగిలిందీ నిజమే. అది అప్పు దాకా మాత్రం వెళ్లలేదు. పొదుపు సలహాలు ఖర్చు మానుకోవడంతో ఆగిపోతాయి. ప్రీపేమెంట్, అంటే గడువుకంటే ముందే కట్టే సలహాలేమో డబ్బు చేతిలో సిద్ధంగా ఉందన్నట్టు మొదలవుతాయి. మానుకున్న ఖర్చు లోన్ ఖాతాలోని ‘అసలు’ అనే గడిదాకా ఎలా ప్రయాణిస్తుంది, దారిలో ఎక్కడ కారిపోతుంది అన్నది ఈ రెండింటి మధ్యా జారిపోతుంది. నా దృష్టిలో అప్పు ముందే తీరుతుందా లేదా అన్నది తేలేది అక్కడే.

ముందు ఆ గడి ఎలా కదులుతుందో చూద్దాం. లెక్క కోసం 30 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. మీ అంకెలు వేరే ఉంటాయి, నడక మాత్రం ఇదే. ఈఎంఐ 26,035 వస్తుంది. మొదటి నెల వడ్డీ 21,250. మిగతా 4,785 మాత్రమే అసలుకి జమ. ఏడాది పొడుగునా 3,12,000 పైచిలుకు కట్టాక అప్పు ఎంత తగ్గిందని చూస్తే, 60 వేలు కూడా లేదు. కట్టే ఈఎంఐలో సగం అసలుకి వెళ్లే రోజు 143వ వాయిదాకి గానీ రాదు, అంటే దాదాపు పన్నెండేళ్లకి. తీసుకున్న అప్పులో సగం తీరడానికి 166 నెలలు పడుతుంది, పద్నాలుగేళ్లకి రెండు నెలలు తక్కువ.

ఈ పట్టిక చూసినవాళ్లు చాలామంది ‘బ్యాంకు ముందే వడ్డీ అంతా లాగేసుకుంటోంది’ అంటారు. అది సరి కాదు. ప్రతి నెలా ఆ రోజుకి మిగిలి ఉన్న అప్పు మీదే వడ్డీ పడుతుంది, అంతకంటే ఒక్క పైసా ఎక్కువ పడదు. మొదట్లో అప్పు పెద్దది కాబట్టి వడ్డీ పెద్దది. వాయిదా మాత్రం అన్ని నెలలూ ఒకటే కావాలని మనం కోరుకున్నాం కాబట్టి, వడ్డీ పోగా మిగిలే ముక్క మొదట్లో చిన్నది. అంతే సంగతి. ఇది అర్థమైతే ఇంకో విషయం కూడా తేటపడుతుంది. ఈఎంఐకి పైన కట్టే డబ్బులో వడ్డీ వాటా ఉండదు. ఆ నెల వడ్డీ ఈఎంఐలోనే తీరిపోయింది గనుక, అదనంగా కట్టింది మొత్తం అసలు మీదే పడుతుంది. మొదటి నెలలో అదనంగా 4,785 కట్టడమంటే, మరో నెల ఈఎంఐ అంతా కడితే గానీ తగ్గనంత అసలుని ఒక్కసారిగా తగ్గించేయడం.

అందుకే నెలకి 3,000 లాంటి మొత్తం కూడా లెక్కలోకి వస్తుంది. పై అప్పు మీద మొదటి నెల నుంచీ 3,000 అదనంగా కడుతూ పోతే 240 నెలల అప్పు 187 నెలల్లో తీరుతుంది. నాలుగేళ్ల ఐదు నెలల ముందు. వడ్డీలో మిగిలేది 8,30,000 పైనే.

ఇక ‘మొదట్లో కట్టిన రూపాయికి విలువ ఎక్కువ’ అనే మాట. ఇందులో సగం నిజం, సగం భ్రమ. మొదటి ఏడాది చివర ఒక లక్ష కట్టి, ఈఎంఐ మార్చకుండా ఉంచారనుకోండి. చివర్లో 18 వాయిదాలు ఎగిరిపోతాయి. అంటే సుమారు 4,70,000 కట్టాల్సిన అవసరం తప్పుతుంది. అదే లక్షని పదిహేనేళ్లు నిండాక కడితే తప్పేది ఆరు వాయిదాలకి కొంచెం తక్కువే. తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ రెండు సందర్భాల్లోనూ ఆ లక్ష తెచ్చిపెట్టేది ఏటా 8.5 శాతమే. ఒకటి పంతొమ్మిదేళ్లు పనిచేసింది, ఇంకొకటి ఐదేళ్లే పనిచేసింది. ఈ సంగతి తెలిస్తే రెండు తప్పులు చేయకుండా ఉంటాం. పదేళ్లు గడిచాయి కదా, ఇప్పుడు కట్టి ఏం లాభం అని ఆగిపోం. మొదట్లోనే కట్టేయాలన్న ఆత్రంలో ఆపద కోసం దాచుకున్న డబ్బు కూడా ఊడ్చి లోన్‌లో పోసేయం.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మానుకున్న ఖర్చు ఎక్కడికి పోతుంది?

నెల మధ్యలో ఒక ఖర్చు మానుకున్నారు. ఆ డబ్బు జీతం పడే ఖాతాలోనే ఉండిపోయింది. అక్కడ దానికి పేరు లేదు, గుర్తు లేదు. ఇరవై రోజులయ్యేసరికి అది ఇంకో ఖర్చులో కలిసిపోతుంది. ఎవరూ దుబారా చేయలేదు. ఖాతాలో నిల్వ కాస్త ఎక్కువ కనిపించింది కాబట్టి ‘పర్వాలేదులే’ అనిపించింది, అంతే. రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్తకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన ఎక్కువగా పనిచేసింది ఇలాంటి వాటి మీదే: డబ్బంతా ఒకటే అయినా మనసులో దానికి వేర్వేరు డబ్బాలుంటాయి, ఏ డబ్బాలో ఉందన్నదాన్ని బట్టే ఖర్చు పెడతాం. పేరు పెట్టని పొదుపు ఖర్చుల డబ్బాలోనే ఉండిపోతుంది. అక్కడ ఉన్నంతసేపు అది పొదుపు కాదు, వాయిదా పడిన ఖర్చు.

మందు చిన్నదే. మానుకున్న రోజే పంపేయడం. మా ఇంట్లో దీనికి ఒక పాత డైరీ వాడతాం. ఒక పేజీకి రెండు నిలువు గళ్లు: ఎడమవైపు ‘మానినది’, కుడివైపు ‘పంపినది’. ఎడమవైపు రాసిన అంకె కుడివైపు పడేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోం. మొదటి మూడు నెలలు ఎడమవైపు నిండుగా ఉండి కుడివైపు వెలవెలబోయింది. ఆ పేజీ చూశాకే మాకు విషయం బోధపడింది. అంతకుముందు మేం పొదుపు చేస్తున్నామనే గట్టిగా నమ్మాం.

ప్రతి లోన్‌లోనూ చిన్నచిన్న మొత్తాలు కట్టడానికి వీలుండదు. ఒకసారికి కనీసం ఇంత ఉంటేనే పార్ట్ పేమెంట్ (అప్పులో కొంత భాగం ముందే కట్టడం) తీసుకుంటామనే షరతు చాలా చోట్ల ఉంది. అలాంటప్పుడు వేరే పొదుపు ఖాతా ఒకటి తెరిచి, దానికి కార్డు లేకుండా, ఫోన్ చెల్లింపులకి తగిలించకుండా ఉంచి, పోగయ్యాక ఒకేసారి కట్టాలి. మధ్యలో కొన్ని నెలల వడ్డీ తేడా పోతుంది. పోనివ్వండి. డబ్బు ఖర్చుల్లో కలిసిపోవడంతో పోలిస్తే ఆ నష్టం ఏపాటి?

ఇంతవరకూ ఇంటివైపు చిల్లులు. బ్యాంకువైపు కూడా ఒకటుంది, అది నాకు చేదుగా తెలిసింది. వరుసగా నాలుగు నెలలు లోన్ ఖాతాకి ఈఎంఐ కాక అదనంగా డబ్బు పంపాను. ఐదో నెల స్టేట్‌మెంట్ తీస్తే అసలు నిల్వ పాత పట్టికలో ఉన్నట్టే ఉంది. నేను పంపిన డబ్బంతా ‘అదనపు జమ’ అని వేరే వరుసలో పడి ఉంది, రాబోయే వాయిదాలకి ముందస్తుగా కట్టినట్టు. దాని మీద నాకు వడ్డీ రాదు, అప్పు మీద పడే వడ్డీ తగ్గదు. శాఖకి వెళ్లి ‘ఈ మొత్తాన్ని అసలు తగ్గించడానికే వాడండి’ అని ఉత్తరం రాసిచ్చాకే కదిలింది. జరిగిపోయిన నాలుగు నెలల వడ్డీ వెనక్కి రాలేదు. అప్పటినుంచి అదనంగా కట్టిన ప్రతిసారీ వారం తిరక్కుండా స్టేట్‌మెంట్‌లో ఒకే ఒక్క అంకె చూస్తాను: అసలు నిల్వ. ఎంత కట్టానో అంత మేరా తగ్గిందా, లేదా.

పార్ట్ పేమెంట్ చేసినప్పుడు బ్యాంకు ఒక ప్రశ్న అడుగుతుంది, కొన్నిచోట్ల అడక్కుండానే నిర్ణయించేస్తుంది. ఈఎంఐ తగ్గించాలా, గడువు తగ్గించాలా? మొదటి ఏడాది చివర కట్టిన ఆ లక్షే తీసుకుందాం. ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గిస్తే మిగిలే వడ్డీ సుమారు 3,70,000. గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తే నెలకి 885 తగ్గుతుంది, మొత్తమ్మీద మిగిలే వడ్డీ లక్షకి కాస్త పైన. కట్టింది అదే లక్ష, ఫలితంలో మాత్రం మూడింతలకి పైగా తేడా. ఎందుకంటే రెండో దారిలో ఆ 885 ప్రతి నెలా మీ చేతికి తిరిగొచ్చేస్తోంది. అది మళ్లీ ఖర్చుల డబ్బాలో పడుతుంది.

కాబట్టి గడువే తగ్గించుకోవాలని అందరూ చెబుతారు, మామూలుగా అదే సరైనది. ఆదాయం నిలకడగా లేనివాళ్లకి మాత్రం నేను వేరే మాట చెబుతాను. ఈఎంఐ తగ్గించుకోండి, కానీ పాత ఈఎంఐ ఎంతో అంతే కడుతూ ఉండండి. తగ్గిన 885 మళ్లీ అసలుకే పంపితే గణితం ప్రకారం రెండు దారులూ ఒకే రోజున ముగుస్తాయి. పైగా ఉద్యోగం పోయిన నెల, ఆస్పత్రి ఖర్చు వచ్చిన నెల తక్కువ వాయిదాతో గట్టెక్కవచ్చు. దీనికి ఒకటే షరతు, ఆ తేడా ప్రతి నెలా తప్పకుండా వెళ్లాలి. అది మీ వల్ల కాదని మీకే తెలిస్తే గడువు తగ్గించేసుకోవడమే మంచిది.

ఫ్లోటింగ్ రేటు, అంటే మధ్యలో మారుతూ ఉండే వడ్డీ రేటు లోన్ ఉన్నవాళ్లు ఇంకో మూల కూడా కనిపెట్టి ఉండాలి. వడ్డీ రేటు పెరిగినప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ కదపకుండా గడువు పొడిగిస్తాయి. నెలవారీ కోత మారదు కనుక ఇంట్లో ఎవరికీ తెలియదు. మన ఉదాహరణలో ఏడాది నిండాక రేటు 8.5 నుంచి 9.5 శాతానికి పెరిగిందనుకోండి. మిగిలిన 228 వాయిదాలు అదే ఈఎంఐతో 285 అవుతాయి. నెలకి 3,000 చొప్పున ఏళ్ల తరబడి కట్టి సంపాదించుకునే నాలుగేళ్ల ఐదు నెలల కంటే ఒక్క శాతం పెరుగుదల మింగేసేది ఎక్కువ! నెలకి 1,870 దాకా పెంచి కడితే గడువు ఉన్నచోటే ఉంటుంది. అందుకే రేటు పెరిగిందన్న ఎస్సెమ్మెస్ వచ్చిన రోజున చూడాల్సింది ఈఎంఐ కాదు, మిగిలిన వాయిదాల సంఖ్య. రేటు తగ్గినప్పుడు కూడా అంతే. ఈఎంఐ తగ్గిస్తామంటే వద్దని, పాత మొత్తమే కొనసాగించమనాలి. ఇది ఇంట్లో ఎవరూ ఏదీ మానుకోకుండా దొరికే పొదుపు.

సరే, ఇంట్లో ఏం తగ్గించాలి? ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నెలనెలా పడే ఖర్చులో ఒకదాన్ని ఒక్కసారి తెగ్గొట్టడం, రోజూ పది చిన్న కోరికలతో పోరాడటం కంటే మేలు. వాహనం మార్చడం రెండేళ్లు వెనక్కి నెట్టడం, ఫోన్‌ని పనిచేసినంత కాలం వాడటం, చూడని సబ్‌స్క్రిప్షన్లు తీసేయడం, ఏడాదికొకసారి బీమా ప్రీమియాలు పోల్చి చూడటం. వీటిలో ప్రతిదీ ఒకసారి కూర్చుని తేల్చేసుకునే నిర్ణయం. ఆ తర్వాత నెలనెలా మనోబలం అడగదు. తేలిన అంకెని ఆ రోజే ఆటో డెబిట్‌గా లోన్‌వైపు పెట్టేస్తే ఎడమ గడి నుంచి కుడి గడికి దానంతటదే వెళ్తుంది.

ఉన్న వస్తువుని బాగుచేసుకుని వాడటం కూడా ఈ కోవలోదే. సీలింగ్ ఫ్యాన్ బాగా నెమ్మదిగా తిరుగుతుంటే చాలామంది కొత్త ఫ్యాన్ గురించి ఆలోచిస్తారు. చాలాసార్లు బలహీనపడింది కెపాసిటర్. వేలెడంత డబ్బా, దాని మీదే ఎన్ని మైక్రోఫారడ్‌లో రాసి ఉంటుంది. మెయిన్ కట్టేసి, ఎలక్ట్రీషియన్ చేత అదే విలువున్నది మార్పిస్తే ఫ్యాన్ మళ్లీ పాత వేగం అందుకుంటుంది. ఫ్రిజ్ తలుపు రబ్బరు సరిగ్గా పట్టుకుంటోందో లేదో చూడటానికి ఒక కాగితం ముక్కని తలుపులో ఇరికించి మూసి లాగి చూడండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడి నుంచి చల్లదనం బయటికి పోతోంది, కంప్రెసర్ అక్కర్లేనంత సేపు తిరుగుతోంది. రబ్బరుని గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిస్తే కొన్నిసార్లు అదే సరిపోతుంది. ఇలాంటి పనుల్లో మిగిలే డబ్బు కంటే ఎక్కువ విలువైనది ఇంకోటుంది: ఇంట్లో ఏది చెడినా మొదట ‘బాగవుతుందా’ అని అడిగే అలవాటు.

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ, పళ్ల నొప్పికీ కంటి చూపుకీ డాక్టర్ దగ్గరికి వెళ్లడం, పిల్లల చదువు. వీటిలో మిగిల్చింది తర్వాత వడ్డీతో సహా వసూలవుతుంది. ఇంట్లో ప్రతి ఒక్కరికీ, పిల్లలకి కూడా, ఎవరూ లెక్క అడగని కొంత డబ్బు నెలనెలా ఉండాలి. ఏళ్ల తరబడి సాగే ప్రయాణంలో ఇది దుబారా కాదు, ఇంధనం. పొదుపు పేరుతో ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే ఇల్లు మూడో ఏటికే అలిసిపోతుంది. అలిసిపోయాక ఆ కసి ఒక్క పెద్ద కొనుగోలుతో తీర్చుకోవడం, రెండేళ్ల కష్టం దాంతో తుడిచిపెట్టుకుపోవడం నేను దగ్గరనుంచి చూశాను.

ఖర్చులు ఎంత తగ్గించినా ఒక చోట ఆగుతాయి. అక్కడినుంచి పనిచేసేది ఆదాయంలో వచ్చే పెరుగుదల. ఏటా ఈఎంఐని 5 శాతం పెంచుకుంటూ పోతే మన 20 ఏళ్ల అప్పు 12 ఏళ్ల 3 నెలల్లో తీరుతుంది. రెండో ఏడు పెంచాల్సింది నెలకి 1,300 మాత్రమే. చివరికొచ్చేసరికి నెలవారీ మొత్తం 46,750 దాకా చేరుతుంది, అది చిన్నదేమీ కాదు. కానీ జీతం కూడా ఆ పాటిగా పెరుగుతూ వస్తే నెల ఖర్చులకి మిగిలేది ఏ ఏడూ తగ్గదు. థేలర్, శ్లోమో బెనార్ట్జి కలిసి 2004లో ప్రచురించిన పరిశోధనకి పునాది ఈ ఆలోచనే. ఒక కంపెనీ ఉద్యోగులు ఇప్పటి జీతంలోంచి కాకుండా, రాబోయే ఇంక్రిమెంట్లలోంచి పొదుపు పెంచడానికి ముందే ఒప్పుకున్నారు. 40 నెలల్లో వాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికి వచ్చిన డబ్బు వదులుకోవడం కష్టం, ఇంకా రాని డబ్బు గురించి మాట ఇవ్వడం తేలిక. అందుకని ఇంక్రిమెంట్ ఉత్తరం వచ్చిన వారంలోనే, పెరిగిన జీతం ఖాతాలో పడకముందే ఈఎంఐ పెంచమని బ్యాంకుకి చెప్పేయాలి. ఒక్క నెల ఆగితే పెరిగిన జీతానికి తగ్గట్టు ఇల్లు సర్దుకుపోతుంది, ఆ తర్వాత అందులోంచి తీయడం మళ్లీ కోత కిందే లెక్క.

ఇంత చెప్పాక, అందరూ ముందే తీర్చేయాలని మాత్రం నేను అనను. క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవాళ్లు హోమ్ లోన్‌కి అదనంగా కట్టడం తలకిందుల పని, ఆ వడ్డీ దీనికంటే ఎన్నో రెట్లు. ఆరు నెలల ఖర్చులు చేతికందేలా లేనివాళ్లూ ఆగాలి. ఇంట్లో పెట్టిన డబ్బు గోడల్లో ఉంటుంది, అవసరానికి ఇటుక పీకి ఇవ్వలేం. ఐదు లక్షలు ముందే కట్టేశాం కదా అని వచ్చే నెల వాయిదా ఎవరూ మాఫీ చేయరు. ఆస్ట్రేలియాలో బాగా వాడుకలో ఉన్న ఆఫ్‌సెట్ ఖాతాల్లాంటివి దొరికే చోట ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఆ ఖాతాలో ఉన్న నిల్వ మేరకు లోన్ మీద వడ్డీ పడదు, డబ్బు మాత్రం మన చేతిలోనే ఉంటుంది.

వడ్డీ రేటు కూడా చూసుకోవాలి. 2021 జనవరిలో అమెరికాలో 30 ఏళ్ల స్థిర వడ్డీ లోన్లు సగటున 2.65 శాతానికి దిగాయి. అలాంటి రేటు పట్టుకున్నవాళ్లకి తొందరపడి తీర్చాల్సిన పని ఏముంది? మామూలు డిపాజిట్టే అంతకంటే ఎక్కువ ఇచ్చే రోజులు తర్వాత వచ్చాయి. 8, 9 శాతం మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. ముందే కట్టడం అంటే ఆ రేటుకి, రిస్కు లేకుండా, పెట్టుబడి పెట్టడమే. షేర్లలో అంతకంటే ఎక్కువ రావచ్చు, రాకపోనూవచ్చు. వడ్డీ మీద పన్ను మినహాయింపు వస్తుంటే ఆ మేరకు రేటు తగ్గించి లెక్కేసుకోవాలి. మినహాయింపు కోసమే అప్పు ఉంచుకుంటామనే వాదన మాత్రం నిలవదు. మూడు పైసల పన్ను తప్పించుకోవడానికి పది పైసల వడ్డీ కడితే ఏడు పైసలు పోయినట్టే.

ముందే తీరిస్తే జరిమానా ఉందో లేదో ఒప్పందంలో చదవాలి. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. భారత్‌లో వ్యక్తుల ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ల మీద బ్యాంకులు ఈ ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే చెప్పింది. జర్మనీలో స్థిర వడ్డీ కాలం నడుస్తుండగా తీరిస్తే పరిహారం కట్టాల్సి రావచ్చు, అప్పు పూర్తిగా చేతికొచ్చి పదేళ్లయ్యాక ఆరు నెలల నోటీసుతో ఏ పరిహారం లేకుండా బయటపడే హక్కు ఉంది. బ్రిటన్‌లో స్థిర వడ్డీ కాలంలో ఏడాదికి నిల్వలో 10 శాతం దాకా జరిమానా లేకుండా కట్టనివ్వడం చాలా లోన్లలో మామూలు.

అప్పు తీరిన రోజు పని ఇంకా కొంచెం మిగిలి ఉంటుంది. బాకీ లేదన్న సర్టిఫికెట్ తీసుకోవాలి, రిజిస్ట్రేషన్ రికార్డుల్లో తనఖా ఎత్తేయించాలి, ఒకటి రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టులో లోన్ మూసేసినట్టు పడిందో లేదో చూడాలి. ఆటో డెబిట్ రద్దు చేయడం మర్చిపోవద్దు. అసలు కాగితాలు వెనక్కి ఇచ్చేటప్పుడు కవరు అందుకుని వెంటనే సంతకం పెట్టేయకండి. లోన్ తీసుకున్న రోజు మీకిచ్చిన జాబితా వెంట తీసుకెళ్లండి. ఆ బల్ల దగ్గరే కూర్చుని, ఒక్కో దస్తావేజు పేజీలు లెక్కపెట్టి, జాబితాలో టిక్కు పెట్టుకుంటూ వెళ్లి, చివరి కాగితం కూడా సరిపోయాక అప్పుడు సంతకం చేయండి.